గూర్ఖా పటాలము: పుట్టుకయు, పనియు

బ్రిటిషు సైన్యమున రాయల్ గూర్ఖా రైఫిల్సు అను పదాతి రెజిమెంటు కలదు. అందలి సిపాయిలు నేపాళీయులు; వారు కొలుచునది లండనులోని సింహాసనమును. ఈ కొలువు ఎట్లు పుట్టినది? కొలిచినవారికి దక్కినదేమి? ఈ రెండు ప్రశ్నలను మీ యెదుట విచారింపదలచితిమి.

1814లో ఈస్టిండియా కంపెనీ నేపాళముపై దండెత్తెను. కొండకోటలకడ తన సేన తినిన దెబ్బలను చూచి, ఇట్టి శత్రువును జీతమిచ్చి చేర్చుకొనుటయే లాభమని కంపెనీ యెంచెను. యుద్ధము పూర్తిగ ముగియకమున్నే, 1815లో, తొలి గూర్ఖా పటాలములు ఏర్పడినవి. 1857లో ఢిల్లీ ముట్టడియందు సిర్మూరు పటాలము కంపెనీ పక్షముననే నిలిచి పోరాడెను.

ఈ చరిత్రలో మన దక్షిణాదికిని స్వల్ప సంబంధము కలదు. 1890లో బర్మాయందు గూర్ఖాలతో నొక దళమును కూర్చి, దానికి 10వ మదరాసు పదాతిదళమను పేరిడిరి. మదరాసు సిపాయిలు పోయిరి. అంకె మాత్రము నిలిచెను. అదియే తరువాత 10వ గూర్ఖా రైఫిల్సు అయ్యెను.

మనకు స్వాతంత్ర్యము వచ్చినపుడు గూర్ఖా రెజిమెంట్లు పది. 1947 నవంబరు 9న మూడు ప్రభుత్వములు చేసికొనిన యొడంబడికచే వానిలో ఆరు భారతమునకును, 2, 6, 7, 10 సంఖ్యలుగల నాలుగు బ్రిటనుకును చెందెను. బ్రిటను కొలువున నిలిచినవారి మూలవేతనము భారతసైన్యపు కొలత ననుసరింపవలెనని నిర్ణయించిరి. మేము ముఖ్యముగ చెప్పదలచినది ఈ కొలతనుగూర్చియే.

ఆ నాలుగింటిని మలయా అడవులలోను, బోర్నియో సరిహద్దులలోను వినియోగించిరి. 1965లో సరవాకునందు చూపిన సాహసమునకు 10వ రెజిమెంటువాడగు రాంబహదూర్ లింబు విక్టోరియా క్రాసు పొందెను. 1994 జూలై 1న ఆ నాలుగును కలిసి నేటి రెజిమెంటైనవి. దాని పటాలములలో నొకటి ఇంగ్లండునను, మరియొకటి బ్రూనైలోను ఉండుట వాడుక. అడవియుద్ధము దాని ప్రత్యేక విద్య. కొసొవో, తూర్పు తిమోరు, ఆఫ్ఘనిస్తానములకును అది పోయెను.

ఇక దక్కినదేమి? 1997 జూలై 1కి పూర్వము విరమించినవారికి పాత కొలతపింఛనే మిగిలెను. తోడి బ్రిటిషు సిపాయికి వచ్చుదానికంటె అది మిక్కిలి తక్కువ. నేపాళమున బ్రతుకు చౌకయనియు, గూర్ఖాకు పదునైదేండ్ల కొలువుతోనే పింఛను మొదలగుననియు ప్రభుత్వము సమాధానము చెప్పెను. ఆ మాటలో కొంత నిజమున్నది. కాని 2009లో ఆ వృద్ధులకు బ్రిటనులో కాపురముండు హక్కు లభించెను. అచ్చటికి చేరినవాడు బియ్యము కొనునది లండను ధరకే గదా! 2021లో వారు ప్రధాని నివాసమునెదుట నిరాహారదీక్ష పూనవలసివచ్చెను.

సోదరులారా, గూర్ఖావాని శౌర్యమును పొగడని ఆంగ్లేయుడు లేడు. పొగడ్తకు పైకము అక్కరలేదు. యుద్ధభూమిని తగిలిన గుండు ఇరువురను ఒక్కతీరుననే చంపినది; పింఛను చీటి వ్రాయునపుడు మాత్రము కొలతలు రెండైనవి. న్యాయమునకు కొలత ఒక్కటియే యుండవలెనని మా మనవి.