విమానశాలలో ఎలుకల బెడద

శ్రమకు తగిన ఫలము లేని పనిని చూచి, కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లున్నదని మనవారు ఎగతాళి చేయుదురు. గుర్రంకొండవంటి పెద్ద కొండ నీడను నివసించు శ్రోతలకు ఈ సామెతలోని హాస్యము మరింత బాగుగా బోధపడును. కాని ఎలుక దొరకువరకు కొండనంతయు త్రవ్వక తప్పని చోటు ఒకటి కలదు. అది విమానము. 2019 నవంబరులో హైదరాబాదు నుండి ఉదయమున విశాఖపట్టణమునకు బయలుదేరవలసిన విమానములో ఒక ఎలుక కనబడినది. ఆ విమానము సాయంకాలమునకు గాని కదలలేదు. ప్రయాణము గంట సేపటిది, నిరీక్షణ పగలంతయు.

ఎలుక ప్రయాణికులను కరచునను భయముచేత విమానమును ఆపరు. కనబడిన ఎలుక అంతకుముందే దేనిని కొరికినదో తెలియకపోవుటయే అసలు భయము. నేలపై నడచు బండి చెడినచో త్రోవప్రక్కన నిలుపుకొనవచ్చును. ఆకాశమున అట్టి వీలు లేదు. అందువలన ఎలుకను పట్టుటతో పని తీరదు. అది తిరిగిన తావులన్నియు వెదకి, తీగెలన్నియు పరీక్షించిన పిమ్మటనే విమానమును పైకి పోనిత్తురు.

ప్రయాణికుల పెద్ద విమానము దినమంతయు తిరుగుచుండును. దానిని కనిపెట్టి చూచువారు పెక్కుమంది. చిన్న విమానము సంగతి వేరు. హైదరాబాదులోని బేగంపేటలోను, బెంగుళూరు చెంతనున్న జక్కూరులోను ఎగురుట నేర్పు శిక్షణ విమానములు ఉండు విమానశాలలు ఉన్నవి. వీటినే హాంగరులందురు. వానకాలములోను, మరమ్మతుల సమయములోను చిన్న విమానము వారముల తరబడి అట్టి శాలలో కదలక నిలిచియుండుట కద్దు. ఎలుకకు కావలసినది ఇదియే. 1958లో తొలిసారి ఎగిరిన పుష్పక్ అను రెండు సీట్ల విమానమును బెంగుళూరులోని హిందూస్థాన్ కర్మాగారమువారు తయారు చేసిరి. లోహపు గొట్టముల చట్రముపై గుడ్డ తొడిగిన ఆ విమానములు మన దేశపు ఫ్లయింగు క్లబ్బులలో ఎందరికో ఎగురుట నేర్పినవి. నేటి శిక్షణ విమానములు చాలవరకు అల్యూమినియపు రేకుతో చేసినవే. అయినను లోపల సీట్ల మెత్తలు, చప్పుడును వేడిమిని ఆపు దూది పొరలు, సన్నని తీగెలు, చీకటి గూళ్లు ఉండనే ఉన్నవి. మనము వాహనమనుకొన్నది ఎలుకకు మేడ.

శత్రువును జయింపదలచినవారు మొదట దాని స్వభావమును తెలిసికొనవలెను. ఇండ్లలో తిరుగు చిట్టెలుక 6 మిల్లీమీటర్ల సందులో దూరగలదు. అనగా పెన్సిలు పట్టు రంధ్రము చాలును. గరుకు గోడను నిలువున ఎక్కగలదు. ఒక అడుగు ఎత్తు ఎగురగలదు. దాని ముందుపండ్లు బ్రతికినంతకాలము పెరుగుచునే యుండును. అది నిరంతరము కొరుకుచుండుటచే అవి అరుగుచుండును. కనుక తీగె తినదగినది కాకపోయినను కొరుకును. దాని గర్భధారణ కాలము ఇంచుమించు ఇరువది దినములు. ఒక్కొక్క కాన్పున అయిదారు పిల్లలు పుట్టును. ఆ పిల్లలు ఆరు వారములలో తాము పిల్లలను కనదగిన ఈడునకు వచ్చును. ఈ లెక్క తెలిసినచో, ఒకటి రెండు ఎలుకలే కదాయని ఉపేక్షించుట ఎంత ప్రమాదమో బోధపడును.

ఎలుక వలన విమానమునకు కలుగు హాని మూడు విధములు. మొదటిది కొరుకుట. తీగెపై తొడుగు పోయినచో రెండు తీగెలు తాకి నిప్పు పుట్టవచ్చును. లేదా దీపము, రేడియో, దారి చూపు పరికరము సరిగా అవసరమైన వేళ మూగపోవచ్చును. రెండవది గూడు కట్టుట. రెక్కలలోను తోకలోను ఉన్న కదలు పలకలను చోదకుడు ఉక్కుత్రాళ్ల ద్వారా, కప్పీల ద్వారా ఆడించును. ఆ కప్పీల నడుమ పీచు, గుడ్డపేలికలు, కాగితపు ముక్కలు చేరినచో అవి పట్టివేయును. ఇంజను చుట్టును గాలి పోవు మార్గములో గూడు ఉన్నచో ఇంజను వేడెక్కును. పొగగొట్టము చెంత ఉన్నచో గూడే అంటుకొనును. మూడవది మూత్రము. ఇది కంటికి కనబడని హాని. మూత్రములోని లవణములు అల్యూమినియమును తినివేయును. గూటిలోని దూది ఆ తడిని పీల్చి రేకునకు అంటించి ఉంచును. రెక్క పైకి నిగనిగలాడుచుండగా లోపల రేకు గుల్లయగును. కొరికిన తీగెను ఒక పూటలో మార్చవచ్చును. తినివేయబడిన రెక్కను విప్పి రేకు మార్చుటకు నెలలు పట్టవచ్చును.

ఎలుక వెంట పాము వచ్చునని పల్లెవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. 2023 ఏప్రిలులో దక్షిణాఫ్రికాలో ఒక చిన్న విమానము ఎగురుచుండగా చోదకుడు తన సీటు క్రింద నాగుపామును చూచెను. అతడు నిబ్బరము కోల్పోక, నలుగురు ప్రయాణికులతో విమానమును క్షేమముగ దింపెను. ఆ పాము ఏల వచ్చినదైనను, చీకటి సందులు తెరచియుంచిన విమానములోనికి ఏ ప్రాణి యైనను రాగలదని ఆ సంఘటన చాటినది.

ఇక నివారణ. దీనిని మూడు కోటగోడలుగా భావింపవచ్చును. గుర్రంకొండ దుర్గమును చూచినవారికి ఈ పోలిక సులభముగ అర్థమగును. ఒక గోడను దాటిన శత్రువునకు మరియొక గోడ ఎదురగుచుండవలెను.

మొదటి గోడ విమానశాలయే. చుట్టును పదిపండ్రెండడుగుల మేర గడ్డిని, పొదలను, చెత్తకుప్పలను తొలగించవలెను. మరుగు లేని బయలు దాటుటకు ఎలుక జంకును. గోడలలోని రంధ్రములను ఉక్కుపీచుతో కూరి పైన సిమెంటు మెత్తవలెను. మట్టితోనో, గుడ్డతోనో మూసిన రంధ్రము మూయనిదే యగును. పెద్ద తలుపుల క్రింది సందు అన్నిటికంటె ముఖ్యము. అచట రేకును గాని గట్టి కుచ్చు పట్టీని గాని నేలను తాకునట్లు అమర్చవలెను.

రెండవ గోడ నేలనుండి విమానమునకు పోవు దారి. నిలిచియున్న విమానమునకు నేలతో సంబంధము చక్రముల ద్వారా, కట్టిన త్రాళ్ల ద్వారా, ఆనించిన నిచ్చెనల ద్వారా, విద్యుత్తు తీగెల ద్వారా మాత్రమే. పని లేని నిచ్చెనలను, తీగెలను తీసివేయవలెను. రేవులలో ఓడలను కట్టిన మోకులకు గుండ్రని రేకు పళ్లెములు తొడుగుదురు. మెరుగుపరచిన ధాన్యపు గాదెల కాళ్లకు బోర్లించిన రేకు గరాటాలు అమర్చుదురు. విమానపు త్రాళ్లకును ఇదియే ఉపాయము. చక్రముల చుట్టును రెండడుగుల ఎత్తుగల నున్నని రేకును అతుకులలో సందు లేకుండ వలయముగ నిలిపినచో, చిట్టెలుక దానిని ఎక్కజాలదు, ఎగిరి దాటజాలదు.

మూడవ గోడ విమానపు శరీరము. ఇంజను ముందటి గాలి ద్వారములకు, పొగగొట్టమునకు, చక్రపు కాలు చొచ్చుకొనిపోవు సందులకు సరియైన బిరడాలు పెట్టవలెను. ప్రతి బిరడాకును పొడవైన ఎర్రని గుడ్డపట్టీ వ్రేలాడవలెను. ఎగురుటకు ముందు బిరడాలను లెక్కించి తీయవలెను. మరచిన బిరడా ఎలుకకంటె గొప్ప శత్రువు. ఇచట ఒక హెచ్చరిక. గోడలో కూరిన ఉక్కుపీచును విమానములో కూరరాదు. తేమ తగిలినచో ఉక్కు చెంతనున్న అల్యూమినియమును తుప్పు పట్టించును. విమానమునకు శాశ్వతముగ ఏ జాలీని బిగింపదలచినను లైసెన్సు గల ఇంజనీరు అనుమతి పొందవలెను.

మూడు గోడలు కట్టియు లోపల విందు ఏర్పాటు చేసినచో ప్రయోజనము లేదు. సీటు సందులో పడిన బిస్కత్తు తునక, జేబులో మరచిన వేరుసెనగ పప్పు, చిరిగిన పటపు కాగితము, ఇవియే ఆహ్వానపత్రికలు. విమానములో భుజింపరాదు, భుజించినచో తుడువవలెను. ఎక్కువకాలము నిలుపునపుడు మెత్తలను తీసి రేకుపెట్టెలో భద్రపరచవలెను.

అయినను వచ్చు ఎలుకకు బోను ఉండవలెను. ఎలుక బయలు విడిచి గోడ నంటి నడచును. కనుక బోనును శాల నడుమ కాక గోడప్రక్కన, నోరు గోడవైపునకు ఉండునట్లు పెట్టవలెను. చిట్టెలుక తన గూటినుండి సాధారణముగ ముప్పదియడుగులకు మించి తిరుగదు. ఒకే బోను చాలదు, పెక్కు బోనులు దగ్గర దగ్గరగా ఉంచవలెను. చిట్టెలుకకు క్రొత్త వస్తువుపై కుతూహలము హెచ్చు; మొదటి రాత్రియే చిక్కవచ్చును. పెద్ద ఎలుక అట్లు కాదు. క్రొత్తదానిని కొన్ని దినములు అనుమానించును. దానికి మూడు నాలుగు దినములు బోనును బిగింపక ఎర మాత్రమే పెట్టి నమ్మకము కలిగించవలెను. ఎరల విషయములో గుర్రంకొండ ప్రాంతపు రైతును మించిన పండితుడు లేడు. విదేశములలోని విమానశాలలవారు బోనులో వేరుసెనగ ముద్దను పూయుదురు. మన ఎర్రనేలల పంటకు ఎలుకలోకమున గల కీర్తి అది! కాయలను ఇంట నిలువచేసి సగము పొల్లుగా తిరిగి చూచుకొన్నవారికి ఈ మాట క్రొత్తది కాదు.

విషము సంగతి చెప్పక తప్పదు. పొలములలో, కలుగుల వద్ద, వ్యవసాయాధికారుల సలహాపై జింకు ఫాస్ఫైడు వాడుట వేరు. విమానములో ఎలుకమందు పెట్టుట వేరు. మందు తిన్న ఎలుక రెక్క లోపల చేయి చేరని చోట చచ్చును. దానిని తీయుటకు రెక్కను విప్పవలసివచ్చును. గిడ్డంగులలో ధాన్యమునకు వాడు ఫాస్ఫైడు బిళ్లలనుండి వెలువడు వాయువు మనుష్యులకు ప్రాణాంతకము. అంతేకాదు, అది రాగిని చెరచును. విద్యుత్తు పరికరములలో నిండియున్నది రాగియే. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొందుమా? కర్పూరపు ఉండలను, పుదీనా తైలమును నమ్మువారు కలరు. వాసన తగ్గగనే ఎలుక తిరిగివచ్చును. సందు మూసినచో రాజాలదు. పిల్లిని పెంచుట మంచిదే కాని, రెక్క లోపలికి పిల్లి పోలేదు.

ఇక చోదకుని విధి. వారమున కొకసారియైన మూతలు తెరచి, దీపము పట్టి లోపల చూడవలెను. వడ్లగింజ ప్రమాణపు నల్లని రెట్టలు, కాటు వాసన, పీచు తునకలు కనబడినచో, ఎగురు ప్రయత్నము ఆనాటికి మానవలెను. రెట్టలను పొడిగా ఊడ్వరాదు. ఆ దుమ్ములో రోగబీజములు ఉండవచ్చును. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టి, చేతులకు తొడుగులు వేసికొని, క్రిమిసంహారక ద్రవముతో తడిపి తుడువవలెను. ఎలుక మూత్రముచే సంక్రమించు లెప్టోస్పైరోసిస్ జ్వరము మన తీరప్రాంతములకును, వరిపొలములకును తెలిసినదే. పిదప ఇంజనీరు తీగెలను, ఉక్కుత్రాళ్లను, రేకు లోపలి వైపును పరీక్షించి తృప్తి చెందినపుడే విమానము కదలవలెను.

శ్రోతలలో విమానము గలవారు ఎందరుందురని ఎవరైన అడుగవచ్చును. కాని కొట్టములో నిలిచిన ట్రాక్టరు, వాకిటి కారు, బావివద్ద మోటారు, గూటిలోని రేడియో, ఇవన్నియు ఎలుక దృష్టిలో చిన్న విమానములే. రేడియో కేంద్రములలో తీగెల నడుమ పనిచేయు మేమును ఈ జాగ్రత్తలకు వెలుపలివారము కాము. పంట ముగిసి ట్రాక్టరును నిలుపునపుడు దాని ప్రక్కన కాయల బస్తాలు వేయకుండుట, సీటును తుడుచుట, పదిదినముల కొకసారి ఇంజను మూత ఎత్తి చూచుట, వీటిలో ఖర్చుతో కూడినది ఏదియు లేదు. ఈ ఆదివారము శ్రోతలు పెన్సిలు ఒకటి చేతబట్టి ఇంటిని, కొట్టమును ఒక్కసారి చుట్టి రావలెనని మా మనవి. పెన్సిలు దూరిన ప్రతి సందును ఆనాడే మూయవలెను.