పెరటి తలుపు లేని ఇంజను
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

రిటైరయ్యాక నా కాలక్షేపం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాది బొమ్మ విమానాలు ఎగరేయటం. నవ్వేవారు నవ్వవచ్చు, మా ఇంట్లో అలవాటే.

మనవడూ నేనూ కలిసి ఒక విమానం చేశాం. అచ్చం అసలుదానిలా ఉండాలని ఇంజను కనబడకుండా ఫైబర్ గ్లాసు కౌలింగు, అంటే ముక్కు మూత, బిగించాం. మెథనాల్‌లో ఆముదం కలిపిన ఇంధనంతో నడిచే ఒంటి సిలిండరు ఇంజను అది. అయిదో నిమిషంలో శబ్దం నీరసించింది, గాలిలోనే ఆగిపోయింది. మైదానం చివర క్రికెట్ ఆడుతున్న పిల్లలకు పది గజాల ఇవతల విమానం నేలను తాకింది. ఆ పది గజాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

వేడెక్కిందని అర్థమైంది. ఆకురాయి తీసుకుని ముందు కన్నం పెద్దది చేశాను. ఎవరూ లేని వేళ చూసి ఎగరేస్తే మళ్లీ అదే నీరసం. ఇంకా పెద్దది చేయబోతుంటే మనవడు అడిగాడు: “లోపలికొచ్చిన గాలి ఎటు పోతుంది తాతయ్యా?”

వేసవిలో వీధి తలుపు బార్లా తీసినా, పెరటి తలుపు వేసి ఉంటే ఇంట్లో గాలి ఆడుతుందా? ఇదీ అంతే. పైగా వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. కనుక బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారికి కనీసం రెండింతలుండాలి. కౌలింగు అడుగున, వెనక అంచులో కోశాం. ఆ కోతకు ముందు చిన్న పెదవిలా వంచితే, పక్కనుంచి పోయే గాలే లోపలి గాలిని లాగేస్తుంది.

గాలికి బద్ధకం ఎక్కువ. ఖాళీ ఉన్నచోటునుంచే పోతుంది గాని ఇరుకైన ఫిన్ల మధ్యకు దూరదు. అందుకని సిలిండరుకు రెండు పక్కలా బాల్సా చెక్క అడ్డుపెట్టి, కొద్ది సందు మాత్రమే వదిలాం. సిలిండరుకు ఎదురుగా లేని రెండో కన్నాన్ని నల్లరంగు వేసిన రేకుతో మూసేశాం. చూపుకు కన్నమే!

ఇదేమీ మేం కనిపెట్టింది కాదు. అమెరికాలో నాకా సంస్థవారి లాంగ్లీ ప్రయోగశాలలో ఫ్రెడ్ వీక్ బృందం 1928 నాటికే ఇలాంటి మూత తయారుచేసింది. ఇంజను చల్లగా ఉండటమేకాక, కర్టిస్ హాక్ విమానం వేగం గంటకు 118 మైళ్ల నుంచి 137కు పెరిగింది.

మరొక్క మాట. సూది వాల్వు మరీ బిగించి చివరి వేగం పిండుకోకూడదు. కాస్త ఎక్కువ పారే ఇంధనమే వేడిని మోసుకుపోతుంది, ఆముదమూ బాగా అందుతుంది. ఈ విషయంలో మనవడికీ నాకూ ఇంకా తగాదాయే.

ఇప్పుడు ట్యాంకు అయిపోయేదాకా శబ్దం మారదు. అయినా పిల్లలు ఆడుతున్న వైపు ఎగరేయం. కౌలింగు బల్లమీద పెట్టాను, టీ తాగుతూ చూడండి. సెలవు.