నీరు విడిచిన హీటరు

పుష్యమాసపు వేకువ స్నానమునకు మన కోనసీమ యిండ్లలో నీరు కాచు హీటరు కడ్డీయు, పట్టణములలో చేపలు పెంచు గాజుతొట్టెలోని హీటరును ఒక్క జాతివే. రెంటికిని నీరే రక్ష. లోపలి తీగ పుట్టించు వేడిమిని నీరు వెంటనే గ్రహించును. ఎంత మరిగినను 100 డిగ్రీలకు మించదు. గాలికి ఆ శక్తి లేదు. కావున బాల్చీలో నీరు తఱిగి కడ్డీ బయటపడెనా, యెఱ్ఱగా కాలిపోవును.

అంతట కంగారుపడి చెంబెడు నీళ్లు గ్రుమ్మరింపరాదు. వేడిగాజు పగులును, లోహపు తొడుగైనను చిట్లవచ్చును. ఆ సందున నీరు చొచ్చినచో, మఱునాడు బాల్చీలోని నీటికే విద్యుత్తు సోకును. ముందు కరెంటు ఆపి, ప్లగ్గు తీసి, దానంతటది చల్లారనిండు. పగులుగాని ఉబ్బుగాని కనబడినచో పారవేయుడు. లక్కతో నతుకు నేర్పరులు మన యూళ్లలో గలరు. ఆ నేర్పు ఇచ్చట వలదు. కంటికి బాగుగనున్నను విద్యుత్ పనివానిచే పరీక్ష చేయింపక మరల ముంచకుడు. నీరు కాగినదో లేదో చేయి పెట్టి చూచువారు, ప్లగ్గు తీసిన పిదపనే చూడవలెను.