రక్తపు గడ్డ – చిన్న చీటీల పెద్ద పని
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య విషయం ఒకటి చెప్పమని కార్యవర్గం వారు కోరినారు. మేము డాక్టర్లము కాము, బడిపంతుళ్ళము. కనుక తరగతిలో పాఠం చెప్పినట్లే చెబుతాము.

కూర తరుగుతుంటే వేలు తెగుతుంది. కాసేపటికి రక్తం దానంతట అదే ఆగుతుంది. మా ఉర్దూ తరగతిలో దీనిని ‘ఖూన్ జమ్నా’ అంటాము. ముందుగా ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు చేరి గండిని మూస్తాయి. ఆ తరువాత త్రాంబిన్ ప్రభావంతో ఫైబ్రినోజన్ అనే మాంసకృత్తు ఫైబ్రిన్ దారాలుగా మారి వల అల్లుతుంది. ఇది మనకు రక్షణ. అయితే రక్తనాళం లోపల, అక్కరలేని చోట గడ్డ కడితే అదే ముప్పు. దీనిని థ్రాంబోసిస్ అంటారు. కాలి లోపలి సిరలో ఏర్పడిన గడ్డ విడిపోయి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. గుండె ధమనిలో అయితే గుండెపోటు, మెదడు ధమనిలో అయితే పక్షవాతం.

మరి గడ్డ ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు కట్టరాదు అనే అదుపు ఎవరి చేతిలో ఉన్నది? అనేక కాపలాదారులున్నారు. వారిలో కొత్తగా తెలిసినవారే మైక్రో ఆర్.ఎన్.ఏ.లు. 1993లో అమెరికా శాస్త్రజ్ఞులు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్కున్ ఒక మిల్లీమీటరు పొడవైన పురుగులో వీటి సంగతి కనిపెట్టినారు. ఆ పనికి 2024లో నోబెల్ బహుమతి లభించింది.

ఇవి ఏం చేస్తాయి? హెడ్‌మాస్టరు గదిలోని పెద్ద రిజిస్టరు డి.ఎన్.ఏ. అనుకోండి. దాని నుండి నకలు రాసి తరగతులకు పంపే సర్క్యులరు మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. సర్క్యులరు ప్రకారం మాంసకృత్తు తయారవుతుంది. ఆ సర్క్యులరు మీద ‘ఇక చాలు’ అని అంటించే చిన్న చీటీయే మైక్రో ఆర్.ఎన్.ఏ. దాని పొడవు సుమారు 22 అక్షరాలే. చీటీ అంటితే పని తగ్గుతుంది, లేదా ఆగుతుంది.

ఇక్కడ ఒక వింత. ప్లేట్‌లెట్లకు కేంద్రకం లేదు, అంటే రిజిస్టరే లేదు. వాటి ఆయుష్షు 7 నుండి 10 రోజులు. అయినా ఎముక మజ్జలోని తల్లికణం నుండి అవి సర్క్యులర్లను, చీటీలను వెంట తెచ్చుకుంటాయని 2009లో తేలింది. అందులో 223 నంబరు చీటీ ఎక్కువగా ఉంటుంది. అది పి2వై12 అనే గ్రాహకపు సర్క్యులరుకు అంటుతుంది. గుండె రోగులకిచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర అడ్డుకునేది సరిగ్గా ఈ గ్రాహకాన్నే. అట్లాగే 19బి, 20ఏ చీటీలు గడ్డకట్టడానికి నాంది పలికే టిష్యూ ఫ్యాక్టరును తగ్గిస్తాయి.

మధుమేహం ఉన్నవారి ప్లేట్‌లెట్లలో 223 చీటీ తగ్గినట్లు 2015లో ఒక బృందం చూపింది. ఆ చీటీ లేని ఎలుకల్లో గడ్డలు పెద్దవైనట్లు కూడా వారు చూచినారు. కాని 2013లో మరొక బృందానికి అటువంటి ఎలుకల ప్లేట్‌లెట్ల పనిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. శాస్త్రం ఇట్లాగే నడుస్తుంది. ఒక్క ఫలితం చూచి తీర్పు చెప్పరాదు.

కనుక ఎవరైనా ‘ఈ మైక్రో ఆర్.ఎన్.ఏ. పరీక్ష చేయించండి, గడ్డ వస్తుందో రాదో ముందే చెబుతాము’ అంటే డబ్బు తీసే ముందు మీ డాక్టరును అడగండి. వీటిని కొలవడం తేలిక కాదు. రోగికి హెపారిన్ సూది వేసి ఉంటే ఆ కొలతే తారుమారవుతుంది. నేటికీ కాలి గడ్డను నిర్ధారించుటకు ఆస్పత్రులలో నమ్ముకునేవి డి-డైమర్ రక్తపరీక్ష, డాప్లర్ స్కానింగు.

ఇక ఇంటికి తీసుకుపోవలసిన మాటలు. ఆపరేషను తరువాత, కాన్పు తరువాత, చాలా రోజులు మంచాన పడినప్పుడు, గంటల తరబడి బస్సులో కూర్చున్న తరువాత ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే ‘అదే పోతుందిలే’ అనుకోకండి. మన ఇళ్ళలో బాలింతకు కాలు వాస్తే ప్రేమతో నూనె రాసి మర్దనా చేస్తారు. గడ్డ అనుమానం ఉన్న కాలును మర్దనా చేయరాదు, అది కదిలే ప్రమాదం ఉన్నది. వెంటనే డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయక పెద్దాస్పత్రికి పోవాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ‘తగ్గిపోయింది కదా’ అని తమంతట తాము మానరాదు.

మన సంఘం జరిపే వైద్య శిబిరాలలో బి.పి., షుగరుతో పాటు ఈ నాలుగు మాటలు కూడా తల్లులకు చెప్పించవలెనని మా మనవి. వారికి చేరితే ఇంటిల్లిపాదికీ చేరినట్లే.