తీగ ఊరి దాకా వస్తే చాలదు

మన పోపులపెట్టెలోని పసుపు ఏ ఊరిదని ఎప్పుడైనా ఆలోచించారా? నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతం పసుపుకు పెట్టింది పేరు. అక్కడ ఆడవాళ్ల చెయ్యి పడనిదే పసుపు కొమ్ము కల్లం దాటదు.

మరి దాని ధర? 2016లో నిజామాబాదు మార్కెట్టు యార్డు ఈ-నామ్‌లో చేరింది. అప్పటినుంచీ ధరలు ఫోనులోనే చూసుకోవచ్చు. పల్లెలకు ఇంటర్నెట్టు తీగ వేయాలని కేంద్రం 2011లోనే పూనుకుంది; ఇప్పుడు భారత్‌నెట్ అంటున్నది దానినే. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ తీగకూ దారి వేశారు. ఒక్క తవ్వకంతో రెండు పనులు! పొదుపెరిగిన ఇల్లాలి తీరు కదూ?

అయితే నీళ్లు ఊరి ట్యాంకు దాకా వస్తే ఇంట్లో దాహం తీరుతుందా? తీగ పంచాయతీ ఆఫీసు దగ్గరే ఆగిపోయి, ఫోను మగవాళ్ల జేబులోనే ఉంటే, కల్లంలో కొమ్ములు ఎండబెట్టే అమ్మకు ధర తెలిసేదెట్లా?

ఈసారి బతుకమ్మకు పుట్టింటికి వెళ్లినప్పుడు ఫోను మీ వదిన చేతికిచ్చి, ధర చూడటం నేర్పండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పవద్దనీ మరీ మరీ చెప్పండి. చాకిరీ మనదైనప్పుడు లెక్క కూడా మనకు తెలియాలి కదా!