గేటు కాపలాకు మనం, పరిశోధనకు వాళ్లా?

(దళిత విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)



మన తిరుపతి చుట్టూ పెద్ద పెద్ద చదువుల మేడలు లేచినాయి. 1954లో వెంకటేశ్వర యూనివర్సిటీ. 2015లో ఐఐటీ, ఐసర్ రెండూ మొదలై ఇప్పుడు ఏర్పేడు దిక్కున ఉండాయి. చిత్తూరు దావలో గాదంకి కాడ 1024 యాంటెన్నాల రాడారు ఆకాశంలో గాలి ఎటు పోతాందో చూస్తా ఉంది. మంచిదే. సైన్సు మనకు శత్రువు కాదు. మూఢనమ్మకాల బరువు మోసిన వీపులు మనవి, సైన్సు ఎక్కువ కావాల్సింది మనకే.

అయితే పరిశోధన కేంద్రమంటే గోడలా? యంత్రాలా? బాబాసాహెబును చూడండి. బడిలో గోనెపట్ట మీద విడిగా కూచున్న పిల్లోడు 1913లో కొలంబియా యూనివర్సిటీకి పోయినాడు. బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేండ్లు ఇచ్చినాడు. తిండికి డబ్బు, తలుపు తెరిచిన లైబ్రరీ, అంతే. 1923లో రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం అచ్చయింది. ఆ తర్వాత హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూచుని దేశం నాణెం ఎట్లుండాలో చెప్పినాడు.

మన కాలానికి రండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బిల్డింగులకేం తక్కువ? ఏడు నెలల ఫెలోషిప్పు, 1,75,000 రూపాయలు తనకు రావాలని రోహిత్ వేముల చివరి ఉత్తరంలో రాసిపోయినాడు. 2016 జనవరి 17. ఆ అంకె మనం మరవకూడదు.

చట్టం సంగతీ వినండి. కేంద్ర విద్యాసంస్థల్లో సీట్ల రిజర్వేషన్‌కు 2006లో చట్టం చేసినారు. అందులోనే నాలుగో సెక్షన్ పెట్టి, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ లాంటి కొన్ని పరిశోధన సంస్థలను పక్కన పెట్టినారు. 2019లో అధ్యాపక పోస్టుల చట్టంలోనూ అదే మినహాయింపు. అంటే పరిశోధన ఎంత పెద్దదైతే మనకు తలుపు అంత చిన్నదా? ‘ప్రతిభ’ అనే మాటకు ఇంత ఖరీదైన తాళం ఇంకెక్కడా చూడలేదు.

డైరెక్టర్ కుర్చీలో ఎవరుంటే ప్రశ్న వాళ్లది. బోర్లు ఎండితే ముందు మన పల్లె కొళాయే ఎందుకు ఎండుతుంది? శెనక్కాయ పెరికే ఆడకూతురి నడుము నలభై ఏండ్లకే ఎందుకు వంగిపోతుంది? ఇవీ పరిశోధనలే. ఆ నీళ్లకోసం బిందె పట్టుకుని నిలబడినోళ్ల బిడ్డ లాబొరేటరీలో లేకుంటే ఇవి అడిగేదెవరు? మా ఇంట్లో డిగ్రీ పట్టా మొదట మాకే వచ్చింది. పీహెచ్‌డీ అనేది ఒకటుందని చెప్పేవాళ్లు కూడా అప్పుడు లేరు.

ఐఐటీ, ఐసర్ ఆ మినహాయింపు పట్టికలో లేవు. అక్కడ సీటు మన హక్కు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబియ్యాల. ఒక్కో డిపార్ట్‌మెంటులో పీహెచ్‌డీ సీట్లెన్ని, ఎస్సీ ఎస్టీలతో నిండినవెన్ని, ఫెలోషిప్పు ఎన్ని నెలలు ఆలస్యం, మధ్యలో మానేసినోళ్లు ఎందరు? వెంకటేశ్వర యూనివర్సిటీకి ఒకటి, ఐఐటీకి ఒకటి, ఐసర్‌కు ఒకటి. సభ అయినాక ఎవరూ లేచిపోవద్దు. తెల్లకాగితాలు మేం తెచ్చినాం, మూడు అర్జీలూ ఇక్కడే రాద్దాం.