మన ఇంటి కెమెరా, మన చేతిలో పాస్‌వర్డ్

(సమాఖ్య వార్షిక మహాసభలో జల్‌పల్లి సంఘం లీడర్ ప్రసంగం)



పోయిన ఏడు నన్ను బ్యాంకు లింకేజీ గురించి మాట్లాడమన్నరు. ఈసారి సీసీ కెమెరాల గురించి చెప్పమన్నరు. పదో తరగతి చదివిన ఈమెకు కెమెరాల సంగతేం తెలుసని కొందరు అనుకోవచ్చు. మా సంఘంలో పదిమందిమి ఉన్నం. ఈ ఏడాది అందులో నలుగురి ఇండ్లకు మేమే నిచ్చెన ఎక్కి, గోడకు రంధ్రం వేసి కెమెరాలు బిగించుకున్నం. ఆ పని గురించే చెప్తున్న.

అసలు మాకు ఈ అవసరం ఎందుకొచ్చింది? 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలైన కాడి నుంచి మన దిక్కు ఆడవాళ్ళ పనివేళలే మారిపోయినయి. హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళు, కార్గోలో చేసేవాళ్ళు, విమానాలకు అన్నం వండే కాడ చేసేవాళ్ళు మన సంఘాల్లో ఉన్నరు. విమానానికి రాత్రి పగలు లేదు, వీళ్ళ డ్యూటీకీ లేదు. తెల్లారుజామున మూడు గంటలకు బండి వచ్చి హారన్ కొడ్తది. ఇంటాయన ఆటో తీసుకొని పోతడు. ఇంట్లో ఇంటర్ చదివే ఆడపిల్ల ఒక్కతే ఉంటది, లేదంటే తాళం ఉంటది. కొత్త వెంచర్లలో నాలుగు ఖాళీ ప్లాట్లకు ఒక ఇల్లు. ఒక స్తంభానికి లైటు ఉంటది, రెండోదానికి ఉండదు. కుట్టుమిషన్, గ్యాస్ సిలిండర్, బోరు మోటరు వైరు, మేకపిల్ల, మన ఆస్తులు ఇవే. కోట్లు కావు గాని పోతే మళ్ళీ లోన్ పెట్టి కొనుక్కోవాల్సినవే.

మీకు ఒక సంగతి చెప్త. ఇంటికి కెమెరా పెట్టుకునే ఏర్పాటు మొదట తయారుచేసింది ఒక ఆడమనిషే. అమెరికాలో న్యూయార్క్ నగరం, క్వీన్స్ అనే పేట. మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అని ఒక నల్లజాతి నర్సమ్మ. ఆమె డ్యూటీకి వేళాపాళా లేదు. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ పని తెలిసినోడు, ఆయన డ్యూటీ కూడా అంతే. పోలీసులను పిలిస్తే తొందరగా వచ్చే పేట కాదు. రాత్రి తలుపు కొడితే తీయాల్నా వద్దా తెల్వది. ఆలుమగలు కలిసి తలుపుకు పై నుంచి కిందికి 4 కంతలు పెట్టిన్రు, వాటి వెనక జరిగే కెమెరా పెట్టిన్రు. లోపల గదిలో టీవీ తెర మీద బయట నిలబడ్డ మనిషి కనపడ్తడు. మైకులో మాట్లాడొచ్చు. ఒక మీట నొక్కితే తలుపు తెరుచుకుంటది, ఇంకోటి నొక్కితే సహాయం కోసం అలారం పోతది. 1966లో దరఖాస్తు పెట్టుకున్నరు, 1969 డిసెంబర్‌లో పేటెంట్ వచ్చింది. ఆమె కష్టం, మన ఎయిర్‌పోర్ట్ డ్యూటీ అక్కల కష్టం ఒకటే కదా.

ఇగ పని సంగతికి వస్త.

అన్నిటికన్నా తక్కువ ఖర్చు పాత ఫోన్. స్క్రీన్ పగిలినా కెమెరా పనిచేస్తే చాలు. ఆల్‌ఫ్రెడ్ లాంటి యాప్ పాత ఫోన్లో ఒకటి, మన ఫోన్లో ఒకటి వేసుకుంటే, పాతది కెమెరా అయితది, కొత్తది టీవీ అయితది. ఇంట్లో వైఫై ఉండాలె. ఒకటే భయం, రాత్రింబవళ్ళు చార్జింగ్‌లో పెడితే బ్యాటరీ ఉబ్బుతది. ఎండలో, పొయ్యి దగ్గర అస్సలు పెట్టొద్దు. వీపు ఉబ్బినట్టు కనిపిస్తే ఆ ఫోన్‌ను పక్కన పడేయాలె. నన్ను అడిగితే, రెండు మూడు వారాలు అలవాటు కోసం వాడి చూసేటందుకు ఇది మంచిది, శాశ్వతంగా కాదు.

రెండోది వైఫై కెమెరా. ఒక తలుపు, ఒక గేటు ఉన్న ఇంటికి ఇది చాలు. మేము కోఠి గుజరాతీ గల్లీకి పోయి నాలుగు దుకాణాలు తిరిగి తెచ్చినం. కెమెరా, 64 జీబీ కార్డు కలిపి రెండున్నర వేల లోపల అయింది. ఇంట్లో పెట్టేది వేరు, వానకు తడిసేది వేరు, గేటుకు పెట్టేటప్పుడు బయట పెట్టే రకమని అడిగి తీసుకోవాలె. ఇంకొకటి, ఈ కెమెరాల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదనే పనిచేస్తయి. రౌటర్లో రెండు పేర్లు కనిపిస్తుంటే 5 అని రాసి ఉన్నది కాకుండా రెండోది పట్టాలె. మా దగ్గర ఒక అక్క సగం రోజు కెమెరా పాడైందని అనుకుంది, కారణం ఇదే. రోజంతా రికార్డు పెడితే 64 జీబీ కార్డులో ఐదారు రోజులు నిలుస్తది, తర్వాత పాతది చెరిపి దాని మీదనే రాసుకుంటది.

మూడోది డీవీఆర్ సెట్టు. మా సంఘంలో కిరాణం నడిపే చిన్నమ్మ ఇంటికి ఇదే పెట్టినం. 4 కెమెరాలు, డీవీఆర్ డబ్బా, అందులో 1 టీబీ హార్డ్ డిస్కు, 12 వోల్టుల కరెంటు డబ్బా, కేబుల్ చుట్ట, కేబుల్ కొనలకు తిప్పి పెట్టే పిన్నులు. ఇందులో లెక్క కొంచెం తెలిసి ఉండాలె. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే రోజుకు సుమారు 21 జీబీ. నాలుగింటికి 86 జీబీ. అంటే 1 టీబీ డిస్కులో 11 రోజులు పట్టుకుంటది. దుకాణమాయన నెల రోజులు వస్తది అంటే అనొచ్చు, మనం లెక్క వేసుకొని అడగాలె. డీవీఆర్‌లో హెచ్ 265 అనే సెట్టింగ్ పెడితే దాదాపు రెండింతలు రోజులు నిలుస్తది. వడ్డీ లెక్క వేసుకునే మనకు ఈ లెక్క ఎంత?

బిగించేటప్పుడు తెలుసుకున్నవి కొన్ని చెప్త. ఎత్తు 8, 9 అడుగులు. అంతకన్నా పైకి పెడితే మనుషుల నెత్తి వెంట్రుకలు కనిపిస్తయి, మొఖం కనిపించదు. మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరాలో మొఖం గుర్తుపట్టేటట్టు పడేది 12, 15 అడుగుల వరకే. దాని తర్వాత మనిషి వచ్చిండని తెలుస్తది, ఎవరని తెల్వది. అందుకే వీధి చివరిదాకా చూపించాలని ఆశ పడొద్దు, గేటు మీద పెట్టాలె. పొద్దున సూర్యుడు నేరుగా పడేటట్టు పెట్టొద్దు. వైరు గోడలోకి పోయే ముందు కిందికి ఒక వంపు ఇవ్వాలె, వాననీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతయి, లోపలికి పోవు. రాత్రి కెమెరాలో ఎర్రగా మినుకుమనే లైట్ల వేడికి పురుగులు వస్తయి, పురుగుల కోసం సాలీడు గూడు కడ్తది. ఆ గూడు రాత్రి తెల్లటి తెర లెక్క మెరిసి అంతా కప్పేస్తది. పదిహేను రోజులకోసారి బూజుకర్రతో దులపాలె. కరెంటు పోయినప్పుడు కెమెరా ఒక్కదానికి బ్యాటరీ ఉంటే సరిపోదు, రౌటర్‌కు కూడా ఉండాలె. దాని కోసం చిన్న డబ్బా యూపీఎస్ దొరుకుతది.

ఇవన్నీ మనిషిని పిలిచి చేయించుకోవచ్చు కదా, మనమే ఎందుకు ఎక్కాలె అని చాలామంది అడిగిన్రు. కూలి మిగిలేది నిజమే, కానీ అది చిన్న కారణం. మా సంఘంలోనే ఒక అక్క బయటి మనిషితో పెట్టించుకుంది. ఆ పిల్లగాడు మర్యాదస్తుడే. యాప్ మాత్రం తన ఫోన్ నంబర్ మీద తెరిచి, తర్వాత ఈమె ఫోన్‌కు షేర్ చేసి పోయిండు. మూడు నెలలకు ఈమె పాస్‌వర్డ్ మర్చిపోయి ఫోన్ చేస్తే, "ఏం కాదక్కా, నా ఫోన్‌లో ఉంది, నేను చూసి చెప్త" అన్నడు. అంటే మూడు నెలలు ఈమె ఇంటి ముంగిలి, పోయేటి వచ్చేటి వేళలు, పిల్ల ఒంటరిగా ఉండే గంటలు, అన్నీ వేరే మనిషి జేబులో ఉన్నయి. ఆమె ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారి మేము పోయి కెమెరా వెనక చిన్న కంతలో పిన్ను పెట్టి, శబ్దం వచ్చేదాకా నొక్కి పట్టి, మొత్తం మొదటికి తెచ్చి, ఆమె నంబర్ మీద, ఆమె ఓటీపీతో కొత్తగా తెరిచినం. ఆమెకే తెలిసిన పాస్‌వర్డ్ పెట్టించినం.

పాస్‌వర్డ్ అంటే కంపెనీ డబ్బాలో ఇచ్చినది ఉంచొద్దు. 1234 వద్దు, బిడ్డ పేరు వద్దు. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరింది. మొదటి పాస్‌వర్డ్ మార్చని వాటినే పట్టుకుంది. మన దేశంలో 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో బయటపడిన సంగతి ఇంకా చెడ్డది. ఒక ప్రసూతి ఆసుపత్రిలో తల్లులను పరీక్ష చేసే గదిలోని సీసీ కెమెరా వీడియోలు బయటి మనుషులు దొంగిలించి యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో అమ్ముకున్నరు. పోలీసులు మనుషులను అరెస్టు చేసిన్రు. కానీ ఆ తల్లుల సిగ్గు ఎవరు తిరిగి ఇస్తరు? కాపలా కోసం పెట్టిన కెమెరానే అది. కొనేటప్పుడు కూడా ఒక మాట అడగండి. 2025 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే సీసీ కెమెరాలకు కేంద్ర ప్రభుత్వం భద్రతా పరీక్ష తప్పనిసరి చేసింది. ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉందా అని దుకాణంలో అడిగితే, ఈమెకు తెలుసు అని అయినా అనుకుంటరు.

ఇప్పుడు చెప్పేది కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్త. కెమెరా బయటికి చూడాలె, ఇంట్లకు కాదు. ఒక ఇంట్లో దొంగల కోసమని చెప్పి కెమెరా పెట్టిన్రు. అది చూసేది వంటింటి గడప. ఫోన్ ఉన్నది దుబాయ్‌లో ఉన్న భర్త చేతిలో. కోడలు ఎవరితో మాట్లాడింది, ఎప్పుడు బయటికి పోయింది, సంఘం మీటింగ్ నుంచి ఎన్ని గంటలకు వచ్చింది, ప్రతి రాత్రి ఫోన్‌లో లెక్క చెప్పాలె. ఆమె మా మీటింగ్‌కే రావడం తగ్గించింది. మేము నలుగురం పోయి అత్తమ్మతో కూర్చున్నం. గొడవ పెట్టుకోలేదు. "అమ్మా, దొంగ వంటింట్లోంచి వస్తడా, గేటు నుంచి వస్తడా?" అని అడిగినం. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆమెనే కొడుకుకు ఫోన్ చేసింది. ఇప్పుడు ఆ కెమెరా గేటు మీద ఉంది, యాప్ ఇద్దరు ఆడవాళ్ళ ఫోన్‌లలో కూడా ఉంది. కోడలు మీటింగ్‌కు వస్తున్నది.

చట్టం కూడా ఇటే చెప్తున్నది. కోల్‌కతాలో ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ములు కెమెరాల మీద కొట్లాడుకుంటే, కలిసి ఉండేవాళ్ళు ఒప్పుకోకుండా ఇంటి లోపల కెమెరా పెట్టరాదని 2025లో అక్కడి హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును మార్చలేదు. ఆడమనిషి బట్టలు మార్చుకునేది, స్నానం చేసేది ఆమెకు తెల్వకుండా చూసినా, వీడియో తీసినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం.

పక్కింటివాళ్ళ సంగతి మర్చిపోవద్దు. మనవి గోడకు గోడ ఆనుకున్న ఇండ్లు. మా చిన్నమ్మ కెమెరా పెట్టినప్పుడు మొదట పక్కింటి ఆపాను పిలిచి తెర చూపించినం. ఆమె చూసి, "మా బట్టలారేసే డాబా కనిపిస్తుంది, జర ఇటు తిప్పండి" అంది. తిప్పినం. ఇంకా మూల కొంచెం కనిపిస్తుంటే సెట్టింగ్‌లో ప్రైవసీ మాస్క్ అని ఉంటది, దానితో అక్కడ నల్ల పట్టీ పెట్టినం. తర్వాత ఆపా ఇంటికి కూడా మేమే కెమెరా బిగించినం. ఆమె పెట్టిన ఖుబానీ కా మీఠా రుచి వేరే చెప్పాలె.

వీధుల్లో కెమెరాల కోసం కాలనీలోళ్ళు డబ్బులు వేసుకోమని పోలీసులు "నేను సైతం" అని కార్యక్రమం పెట్టిన్రు. దిల్‌సుఖ్‌నగర్ బాంబులు పేలిన 2013లోనే, జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, ఆసుపత్రుల వంటివి కెమెరాలు పెట్టాలని చట్టం వచ్చింది. మన ఇండ్లకు అట్లాంటి నిబంధన లేదు, మన ఇష్టమే.

ఏమైనా జరిగితే మొదట 100కు గాని 112కు గాని ఫోన్ చేయాలె, కెమెరా చూసుకుంట కూర్చోవద్దు. ఆ తర్వాత ఆ గంట వీడియోను వెంటనే పెన్‌డ్రైవ్‌లో కాపీ చేయాలె, లేకపోతే అదే చెరిగిపోతది. కత్తిరించొద్దు, వాట్సాప్ గ్రూపుల్లో వేయొద్దు. వీడియోను కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలె, అది ఎట్లనో స్టేషన్‌లో చెప్తరు. డీవీఆర్‌లో గడియారం సరిగ్గా ఉందా అని నెలకోసారి చూసుకోవాలె. ఆన్‌లైన్‌లో పైసలు పోతే 1930, దానికి కెమెరా పనికిరాదు.

ఒకామె మీటింగ్ గదిలో కూడా కెమెరా పెడదాం, పైసల లెక్క తేడా రాదు అంది. దానికి తీర్మానాల పుస్తకం ఉంది, సంతకాలు ఉన్నయి. ఆ పుస్తకం సరిగ్గా రాస్తే చాలు.

మా సంఘం పొదుపులోంచి ఒక డ్రిల్లింగ్ మిషన్, అల్యూమినియం నిచ్చెన, టెస్టర్, ఇన్సులేషన్ టేపు కొని పెట్టినం. నిచ్చెన కింద ఇద్దరు పట్టుకోవాలె, మెయిన్ స్విచ్ బంద్ చేయకుండా వైరు ముట్టొద్దు, బోర్డు లోపలి పని ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వాలె. సామాను మా ఇంట్లోనే ఉంటది. ఏ సంఘం అక్కలైనా రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకపోవచ్చు, రెండు రోజుల్లో తిరిగి ఇవ్వాలె. మొదటిసారి బిగించేటప్పుడు మాలో ఒకరు వస్తరు. రెండో శనివారం మధ్యాహ్నం మీటింగ్ అయినాక కామన్ హాల్‌లో ఒక కెమెరాను డబ్బాలోంచి తీసి, పాస్‌వర్డ్ పెట్టేదాకా చేసి చూపిస్తం. మీ ఫోన్ చార్జింగ్ పెట్టుకొని రండి, చదువు రాదని ఎవరూ ఆగిపోవద్దు, అంకెలు తెలిస్తే చాలు.